పాచి చరిత్ర

చరిత్ర అనగానే మనకు రాజులూ, శాసనాలూ, దండయాత్రలూ గుర్తుకు వస్తాయి. నీటితొట్టి గోడకు పట్టిన పాచికి కూడా ఒక చరిత్ర ఉన్నదంటే మిత్రులు నవ్వుకోవచ్చు. నేనూ ఒకప్పుడు నవ్వుకునేవాడినే. కానీ ఆ పాచి నా కళ్ళ ముందే ఒక మనిషి మూడు వారాల కష్టాన్ని ఒక్క రాత్రిలో తుడిచిపెట్టింది. అప్పటినుండి దానిని గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. అలా కూడబెట్టుకున్న సంగతులను ఒక వరుసలో పేర్చి పెట్టడమే ఈ టపా ఉద్దేశం.

1995 వేసవి. మా పెదనాన్నగారి అబ్బాయి విశాఖ నుండి భీమిలి వెళ్ళే తీరంలో ఒక రొయ్యపిల్లల హేచరీలో పనిచేసేవాడు. సెలవులకు వెళ్ళి నాలుగు రోజులు అతని దగ్గర ఉన్నాను. రెండవ రాత్రి భోజనాలయ్యాక అన్నయ్య నన్ను ట్యాంకుల షెడ్డులోకి తీసుకువెళ్ళి, "లైటు తీసేస్తాను, కళ్ళు చీకటికి అలవాటు పడనివ్వరా" అన్నాడు. గాలిగొట్టాల బుడబుడ తప్ప మరో చప్పుడు లేదు. కొంతసేపటికి ఒక ట్యాంకు నీటిలో నీలిపచ్చని నలుసులు కనబడసాగాయి. ముందు పది, తరువాత వంద, ఆపైన లెక్కకు అందలేదు. ఆకాశం తొట్టిలోకి దిగివచ్చినట్లు తోచింది నాకు. "ఎంత బాగుందన్నయ్యా!" అన్నాను. అతడు బదులు చెప్పలేదు. లైటు వేశాక చూస్తే ముఖం వాడిపోయి ఉంది. "వెలుగుతున్నవన్నీ చచ్చిపోయే పిల్లలురా. తెల్లారేసరికి అడుగుకు దిగిపోతాయి" అన్నాడు.

అలాగే జరిగింది. మరునాడు ఆ ట్యాంకులో క్లోరిన్ పోసి, చచ్చినవాటితో పాటు బ్రతికి ఉన్న కాసినింటినీ చంపి, నీరు వదిలేశారు. గోడలు తోమారు. మళ్ళీ నీరు నింపి, కొత్త పిల్లలను వదిలి, ఈసారి నీటిలో మందు మోతాదు పెంచారు. నేను ఊరికి తిరిగివచ్చిన నెలకు అన్నయ్య ఉత్తరం వచ్చింది. అదే ట్యాంకు, అదే వెలుగు.

నీరు కొత్తది, పిల్లలు కొత్తవి, మందు ఎక్కువ. మరి ఆ జబ్బు ఎక్కడ దాగి ఉన్నట్లు? ఈ ప్రశ్నకు జవాబు నీటిలో లేదు, గోడ మీద ఉంది. ఆ గోడ దగ్గరకు రావడానికి మనిషికి దాదాపు మూడు వందల ఏళ్ళు పట్టింది.

*

ముందుగా మాట సంగతి. పాచి అన్న మన తెలుగు మాట చిత్రమైనది. కోనేటి మెట్ల మీద కాలు జారేలా చేసేదీ పాచే, పొద్దున్న పళ్ళ మీద తగిలేదీ పాచే. కడుక్కోని ముఖం పాచిముఖం, ఊడ్వని వాకిలి పాచివాకిలి, చెడిన అన్నం పాచిపోయిన అన్నం. పళ్ళ మీది పొరనూ, నీటిరాతి మీది పొరనూ ఒకే మాటతో పిలిచిన మన పెద్దలు సూక్ష్మదర్శినిని ఎరుగరు. వారికి తెలిసినదల్లా వేలికి తగిలే జిగురూ, ఒకరోజు అశ్రద్ధ చేస్తే అది తిరిగి వస్తుందన్న అనుభవమూ మాత్రమే. అయినా వారి పలుకుబడి సరైన చోటనే నిలిచింది. ఆ రెండూ నిజంగానే ఒక జాతివి.

పళ్ళ పాచిని మొదట తరచి చూసినవాడు హాలెండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్. 1683లో తన పళ్ళ మధ్యనుండి గీకి తీసిన తెల్లని మడ్డిని తాను సానపట్టిన కటకం క్రింద పెట్టి, అందులో కదలాడే చిన్న చిన్న జీవులను చూశాడు. లండను రాయల్ సొసైటీకి ఆ సంగతి వ్రాశాడు. అంతవరకు చాలామందికి తెలిసిన కథే. తెలియనిది ఆ తరువాతి భాగం. అతడు పుల్లని వెనిగరుతో నోరు పుక్కిలించి మళ్ళీ చూశాడు. పాచి పైపొరలోని జీవులు చచ్చాయి, లోపలివి చక్కగా బ్రతికి ఉన్నాయి. వెనిగరు పొర లోపలికి దిగలేదని అతడు సరిగ్గానే ఊహించాడు.

భీమిలి తీరపు హేచరీలో జరిగిన కథ యావత్తూ ఈ పుక్కిలింతలో ఉంది. కానీ ఆ మాటను అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఆ తరువాత పాశ్చరూ, కోకూ వచ్చారు. ఒక్కొక్క సూక్ష్మజీవినీ విడదీసి, పరిశుద్ధంగా పెంచి, దాని గుణాన్ని పరీక్షించే పద్ధతి వారితో స్థిరపడింది. ఆ పద్ధతి వైద్యానికి చేసిన మేలు ఇంతా అంతా కాదు. అయితే దానితో పాటు ఒక అలవాటు కూడా వచ్చింది. సూక్ష్మజీవి అంటే ద్రవంలో ఒంటరిగా తేలేదన్న భావం శాస్త్రజ్ఞుల మనసులో పాతుకుపోయింది. అతుక్కుని గుంపుగా బ్రతికే జీవులు కనుమరుగయ్యాయి.

*

వాటిని తిరిగి వెలుగులోకి తెచ్చినది సముద్రం. అమెరికా పడమటి తీరంలో లా హోయా అనే ఊరు ఉంది. అక్కడి స్క్రిప్స్ సముద్ర పరిశోధనాలయంలో క్లాడ్ జోబెల్ అనే సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు 1930లలో గాజుపలకలను సముద్రంలో ముంచి, గంటల తేడాతో పైకి తీసి పరీక్షించేవాడు. 1935లో ఎస్తర్ ఆలెన్‌తో కలిసి అతడు ప్రకటించిన వ్యాసం ఈ విషయానికి పునాదిరాయి. శుభ్రమైన పలక నీటిలో మునిగిన కొద్ది గంటలకే బాక్టీరియా వచ్చి అతుక్కుంటుంది. తరువాత డయాటములనే సూక్ష్మమైన శైవలాలు వస్తాయి. ఈ జిగురుపొర ఏర్పడిన పిమ్మట, పడవల అడుగున గుల్లలు కట్టే బార్నకిల్ వంటి పెద్ద జీవుల పిల్లలు వచ్చి స్థిరపడతాయి. ఇప్పుడు మనకు ఇంకొక మెట్టు కూడా తెలుసు. బాక్టీరియా కంటే ముందే, మునిగిన నిమిషాలలోనే, నీటిలో కరిగి ఉన్న సేంద్రియ పదార్థాలు ఆ ఉపరితలాన్ని కప్పేస్తాయి. అంటే సముద్రంలో శుభ్రమైన గోడ అన్నది నిమిషాల ముచ్చటే.

జోబెల్ మరొక వింత గమనించాడు. సముద్రపు నీటిని సీసాలో పట్టి ఉంచితే, ఏ ఆహారమూ వేయకపోయినా అందులో బాక్టీరియా విపరీతంగా పెరుగుతుంది. పైగా పెద్ద సీసాలో కంటే చిన్న సీసాలో ఎక్కువ పెరుగుతుంది. కారణం గోడ. సీసా చిన్నదైన కొద్దీ నీటికి తగిలే గాజు పాలు ఎక్కువ. నీటిలో అక్కడక్కడా విడివిడిగా ఉన్న పోషకాలు గోడకు చేరి పోగుపడతాయి, గోడను పట్టుకున్న బాక్టీరియాకు విందు దొరుకుతుంది. ఇది చదివినప్పుడు నాకు అన్నయ్య ట్యాంకు గుర్తుకు వచ్చింది. హేచరీ ట్యాంకంటే ఏమిటి, సముద్రాన్ని పట్టి ఉంచిన సీసాయే కదా! అందులో గోడే కాదు, గాలిగొట్టాలూ, గాలిరాళ్ళూ, పైపుల లోపలి వంపులూ కూడా గోడలే. ఆపైన మేతను చేతులారా మనమే వేస్తాము.

ఈ పని సముద్రానికి ఆవలి ఒడ్డునే జరిగిందనుకోనక్కర లేదు. ఓడలకు పట్టే ఈ మకిలి మన తీరంలోనూ పండితుల దృష్టిని ఆకర్షించింది. 1955లో మద్రాసు విశ్వవిద్యాలయ పత్రికలో ఎ. డేనియల్ తొలిపొరకూ, ఆ తరువాత వచ్చి అతుక్కునే జీవులకూ గల సంబంధం మీదనే వ్యాసం ప్రకటించారు. 1958లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి పి. ఎన్. గణపతి, ఎం. వి. లక్ష్మణరావు, ఆర్. నాగభూషణం గార్లు విశాఖ ఓడరేవులో ఈ అతుకుడు జీవుల జీవనశాస్త్రాన్ని వివరిస్తూ వ్రాశారు. భీమిలి దారిలో ఒక్క హేచరీ కూడా లేని రోజులవి. వాల్తేరు గుట్ట మీద కూర్చుని, క్రింద రేవులో పలకలు ముంచి తీస్తూ వారు నేర్చుకున్న పాఠం తరువాతి తరం రొయ్యల పెంపకందారులకు ఎంత అవసరమో అప్పుడు ఎవరికీ తెలియదు.

ఇక ఈ జిగురు ఇంటిని కట్టే తీరుకు ఒక పేరూ, పటమూ ఇచ్చినవారు విలియం కాస్టర్టన్ మొదలైనవారు. 1978లో బాక్టీరియా ఎలా అతుక్కుంటుందో వివరిస్తూ వారు వ్రాసిన వ్యాసంతో అందరి చూపూ ఇటు మళ్ళింది. బయోఫిల్మ్ అన్న మాట ఆ తరువాతి ఏళ్ళలో స్థిరపడింది. గోడను తాకిన బాక్టీరియా తన చుట్టూ చక్కెరలతో కూడిన బంకను స్రవిస్తుంది. ఆ బంకలో తన సంతానమూ, పరాయి జాతులూ కలిసి కాపురం చేస్తాయి. మధ్యలో నీరు పారే సందులుంటాయి. క్లోరిన్ వంటి మందు పోస్తే అది బంకతోనే కలియబడి పైపొరలోనే ఖర్చయిపోతుంది. ఇక యాంటీబయాటిక్‌లలో చాలా వాటి దెబ్బ చురుకుగా పెరిగే కణానికే తగులుతుంది. పొర అడుగున ఆహారం తక్కువై మందకొడిగా పడి ఉన్న కణాలు ఆ దెబ్బను తప్పించుకుంటాయి. తుఫాను వెళ్ళాక అవే మళ్ళీ నీటిలోకి వస్తాయి. కోటగోడలూ, కందకమూ, ధాన్యపు కొట్లూ ఉన్న పట్టణం అన్నమాట. మైదానంలో సైన్యాన్ని ఓడించి పట్టణాన్ని గెలిచామనుకున్న రాజు అమాయకుడు.

*

ఇక్కడ ఫ్రాన్సు దేశపు కథ ఒకటి చెప్పక తప్పదు. పాచి మీద మనిషి చేసిన యుద్ధాలలో అతి పెద్దది ఓడలకు సంబంధించినది. ఆ యుద్ధంలో పేలిన తూటా చివరకు సముద్రపు సేద్యానికే వచ్చి తగిలింది.

ఓడ అడుగుకు మకిలి పడితే వేగం తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే ఓడకు రాగిరేకు తొడిగి చూసింది. ఆ తరువాత రాగి కలిపిన రంగులు వచ్చాయి. 1960ల నుండి ట్రైబ్యూటిల్‌టిన్ అనే తగరపు సమ్మేళనంతో చేసిన రంగులు వ్యాపించాయి. అంతకంటే గట్టి మందు అంతకు ముందు లేదు. పడవలవాళ్ళందరూ దానిని వాడారు.

ఫ్రాన్సు నైరుతి తీరంలో ఆర్కషాన్ అనే అఖాతం ఉంది. ఆల్చిప్పల సేద్యానికి తరతరాలుగా పేరుపడ్డ చోటు. అదే అఖాతంలో విహారపు పడవలు కూడా వేలుగా ఉండేవి. 1970ల నడుమ నుండి అక్కడి ఆల్చిప్పల పెంకులు వింతగా మందమై, పొరల మధ్య జిగురు నిండిన గదులు ఏర్పడి, బంతుల్లా గుండ్రబడసాగాయి. 1977 నుండి పిల్లలు నిలవడం మానేశాయి. ఏటా పదివేల టన్నులకు మించి పండే చోట 1981 నాటికి మూడువేల టన్నుల చాయకు దిగుబడి పడిపోయింది. క్లాడ్ అల్జ్యూ మొదలైన ఫ్రెంచి పరిశోధకులు కారణం పట్టుకున్నారు. విహారపు పడవల రంగు నుండి నీటిలోకి ఊరుతున్న తగరపు విషమే అది. లీటరు నీటికి కొన్ని నానోగ్రాములు చాలు, పెంకు వికృతమవుతుంది. నానోగ్రాము అంటే గ్రాములో నూరుకోట్లవ వంతు.

1982 జనవరిలో ఫ్రాన్సు 25 మీటర్ల కంటే చిన్న పడవలకు ఆ రంగును నిషేధించింది. ఆర్కషాన్‌లో పిల్లలు మళ్ళీ నిలవసాగాయి. 1987లో బ్రిటన్ కూడా చిన్న పడవల విషయంలో ఆ దారినే నడిచింది. ప్రపంచపు ఓడలన్నిటికీ వర్తించే ఒప్పందం 2001లో కుదిరి, 2008లో అమలుకు వచ్చింది. ఒక అఖాతపు రైతుల గోడు లోకానికి పట్టడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది.

ఈ కథలో ఒక విషాదకరమైన వ్యంగ్యం ఉంది. ఆల్చిప్ప పిల్ల కొద్ది వారాల పాటు నీటిలో ఈదుతూ తిరిగి, తరువాత ఒక గట్టి చోటును వెదికి జీవితాంతానికి అక్కడ అతుక్కుంటుంది. ఏ చోటు మంచిదో దానికి చెప్పేది ఎవరు? పాచే. అమెరికాలో రోనాల్డ్ వైనర్ బృందం ఆల్చిప్పల ఆవాసాల నుండి వేరుచేసిన ఒక బాక్టీరియాకు 1988లో నామకరణం చేసింది. అది కట్టే పొర ఆల్చిప్ప పిల్లలను స్థిరపడమని పిలుస్తుంది. హవాయిలో మైకేల్ హాడ్‌ఫీల్డ్ దశాబ్దాలుగా ఒక చిన్న గొట్టపు పురుగును పరిశీలించారు. ఓడలకు పట్టే మకిలిలో అదీ ఒకటి. 2014లో ఆయన సహచరులతో కలిసి ప్రకటించినదేమంటే, గోడ మీది ఒక బాక్టీరియా తయారుచేసే సూది వంటి సూక్ష్మ నిర్మాణాలు ఆ పురుగు పిల్ల రూపాంతరానికి నాంది పలుకుతాయట. ఆ పాచి లేకపోతే పిల్ల పిల్లగానే ఉండిపోతుంది.

అంటే ఏ పొరను మనం శత్రువనుకుని విషం పూశామో, ఆ పొరే సముద్రంలో ఎందరో శిశువులకు మంత్రసాని. పాచిని అడ్డుకోబోయిన విషం పెంచుకున్న బిడ్డను చంపింది. ఇది ఆర్కషాన్ నేర్పిన పాఠం.

*

మళ్ళీ రొయ్యల దగ్గరకు వద్దాం. రొయ్యపిల్లలను తొట్టిలో పెంచే విద్యకు ఆద్యుడు జపాను శాస్త్రజ్ఞుడు ఫుజినాగా. 1934లో కురుమా రొయ్య చేత గుడ్లు పెట్టించి పిల్లలను పెంచనారంభించి, 1942లో ఆ వివరాలన్నీ ప్రకటించాడు. నాప్లియస్, జోయియా, మైసిస్ అనే దశలు దాటి పోస్ట్ లార్వా అయ్యేవరకు ఆ పిల్లలు పడే అవస్థలు ఎన్నో. ఆ విద్య తైవానుకూ, ఫిలిప్పీన్సుకూ, థాయ్‌లాండుకూ ప్రాకి 1980ల చివరకు మన తీరానికి చేరింది. విశాఖ దగ్గర మంగమారిపేటలో సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ నెలకొల్పిన టాస్‌పార్క్ హేచరీ ఆ తొలిరోజులదే. వెంటనే ప్రైవేటు హేచరీలు వరుసకట్టాయి. నెల్లూరు నుండి శ్రీకాకుళం దాకా టైగర్ రొయ్య బంగారమైంది.

ఆ బంగారానికి త్వరలోనే గ్రహణం పట్టింది. 1994, 95లలో తెల్లమచ్చ వైరసు చెరువులను ఊడ్చివేసింది. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద తీర్పు ఇచ్చింది. ఈ రెండు పెద్ద దెబ్బల చాటున హేచరీల లోపల జరుగుతున్న మూడవ నష్టం పత్రికలకు ఎక్కలేదు. అదే మెరుపు జబ్బు.

ఫిలిప్పీన్సులో 1990లో లవిల్లా-పిటోగో బృందం ఈ జబ్బును సవివరంగా నమోదు చేసింది. కారకుడు విబ్రియో హార్వేయి అనే వెలుగునిచ్చే బాక్టీరియా, దానితో పాటు దాని దాయాది ఒకటి. పిల్లల నోటి భాగాలకు అవి అతుక్కుని గుంపులు కట్టడాన్ని వారు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపారు. అది ఎక్కడినుండి వస్తున్నదో వెదికితే, 1992లో ప్రధానమైన దారి తేలింది. నడిసముద్రంలో పట్టి తెచ్చిన తల్లిరొయ్య ప్రేగులలో అది ఉంటుంది. గుడ్లు పెట్టేటప్పుడు మలంతో పాటు నీటిలోకి వస్తుంది. బిడ్డకు పురిట్లోనే సంక్రమించే జబ్బు అన్నమాట.

ఆ వెలుగు సంగతి కూడా చెప్పాలి. సముద్రపు బాక్టీరియా ఒంటరిగా ఉన్నప్పుడు వెలగదు. ప్రతి కణమూ ఒక రసాయనాన్ని నీటిలోకి వదులుతుంది. గుంపు చిక్కబడి ఆ రసాయనం ఒక మోతాదుకు చేరినప్పుడే అన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. 1970లో హార్వర్డులో నీల్సన్, హేస్టింగ్స్ మొదలైనవారు కనిపెట్టిన ఈ గుణానికి 1994లో కోరం సెన్సింగ్ అని పేరు పెట్టారు. సభకు కోరం కుదిరితేనే తీర్మానం చేసినట్లు. అంటే నేను ఆ రాత్రి చూసి మురిసిన నక్షత్రాలు ఆరంభం కాదు, ముగింపు. ఒక్కొక్క పిల్ల దేహంలోనూ శత్రువుకు కోరం కుదిరిపోయిందన్న ప్రకటన అది. వెలగని ట్యాంకు క్షేమమనీ చెప్పలేము, ఎందుకంటే వెలుగునివ్వకుండా చంపే విబ్రియోలూ ఉన్నాయి.

ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు. అది మంగుళూరు మత్స్య కళాశాలలో దొరికింది. ఇంద్రాణీ కరుణాసాగర్, ఇడ్యా కరుణాసాగర్ దంపతులూ వారి సహచరులూ 1994లో, పలు యాంటీబయాటిక్‌లకు లొంగని విబ్రియో హార్వేయి వల్ల మన దేశపు హేచరీలో పిల్లలు మూకుమ్మడిగా చనిపోయిన వైనాన్ని ప్రకటించారు. 1996లో వారే మరొక చిన్న వ్యాసంలో సిమెంటు పలక, ప్లాస్టిక్ పలక, ఉక్కు పలక తీసుకుని వాటి మీద ఈ బాక్టీరియా పొర కట్టేలా చేసి పరీక్షించారు. ఆ మూడూ హేచరీలో నిత్యం కనబడే పదార్థాలే. నీటిలో తేలే కణాలను చంపే క్లోరిన్‌కూ, యాంటీబయాటిక్‌లకూ పొరలోని కణాలు అంతగా లొంగలేదు.

లీవెన్‌హుక్ పుక్కిలించిన వెనిగరు మూడు వందల ఏళ్ళకు పైగా గడిచాక మంగుళూరులో క్లోరిన్‌గా తిరిగి వచ్చింది. జవాబు మాత్రం మారలేదు. అన్నయ్య ట్యాంకు వెలిగిన మరుసటి ఏడే ఆ వ్యాసం వెలువడింది. అది ఒక విదేశీ శాస్త్ర పత్రికలో, ఇంగ్లీషులో అచ్చయింది. భీమిలి తీరపు షెడ్డులో రాత్రికాపలా కాసే సాంకేతిక నిపుణుడి చేతికి అది చేరే దారి ఏది? నాకు బాధ కలిగించే సంగతి ఇదే. జబ్బు అతడి ట్యాంకులో ఉంది, జవాబు పక్క రాష్ట్రంలో ఉంది, నడుమ మోసుకువచ్చే మనిషి లేడు.

*

తెలియనిచోట మందు రాజ్యమేలింది. గోడలోని పొరకు అందని మందును నీటిలో పోయడమంటే, బాక్టీరియాకు కొద్దికొద్దిగా అలవాటు చేయడమే. పైగా బంకలో జాతులన్నీ ఒకదానినొకటి తాకుతూ ఉంటాయి కనుక, మందుకు లొంగని గుణాన్ని మోసే జన్యువులు ఒక జాతి నుండి మరొక జాతికి సులువుగా చేతులు మారతాయి. ఆ మందుల అవశేషాలు రొయ్యతో పాటు ఓడ ఎక్కాయి కూడా. 2002లో యూరపులో ఆసియా దేశాల రొయ్యలలో నైట్రోఫ్యూరాన్‌లు బయటపడి సరుకు తిరస్కరణకు గురైనప్పుడు మన ఎగుమతిదారులూ ఆ సెగ అనుభవించారు. తరువాత నిషేధాలు వచ్చాయి. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం వచ్చింది. 2009లో వ్యాధిరహిత తల్లిరొయ్యలతో వనామీ పెంపకానికి అనుమతి వచ్చింది. తల్లి ద్వారా వచ్చే దారి కొంత మూసుకుంది. గోడ మాత్రం అలాగే ఉంది.

2009 తరువాత చైనాలో మొదలై వియత్నాం, మలేసియా, థాయ్‌లాండు చెరువులను ఖాళీ చేసిన సత్వర మరణాల జబ్బుకు కూడా కారణం విబ్రియోనే అని 2013లో డొనాల్డ్ లైట్నర్ బృందం తేల్చింది. ఇది రొయ్య జీర్ణకోశంలో స్థావరం ఏర్పరచుకుని విషం స్రవిస్తుంది. ఆ విషపు జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న వలయం మీద ఉంటాయి, అది బాక్టీరియా నుండి బాక్టీరియాకు ప్రయాణించగలదు.

అప్పుడు బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వేశారు. చెరువునూ, నీటినీ మరీ కడిగి క్రిమిరహితం చేయడమే ఈ జబ్బుకు వాకిలి తెరిచిందేమో? క్లోరిన్ అందరినీ చంపుతుంది. తరువాత ఖాళీ అయిన ఊరిలోకి ముందుగా పరుగెత్తుకు వచ్చేది ఎవరు? వేగంగా పెరిగేవారు. విబ్రియోలు అలాంటివే. నిదానంగా పెరిగి ఎవరికీ హాని చేయని జాతులు వచ్చేసరికి చోటు మిగలదు. దీనికి విరుగుడును నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో ఓలావ్ వాడ్‌స్టైన్ మొదలైనవారు 1993లోనే సూచించారు. చేపపిల్లల తొట్టిలోకి వదిలే నీటిని ముందు శుభ్రపరచి, తరువాత బాక్టీరియా పొర కట్టిన వడపోత గుండా పంపి, నిదానపు జాతులతో నిండనిచ్చి, అప్పుడు తొట్టిలోకి వదలమన్నారు. ముదిరిన నీరు అనవచ్చు. ఆ వడపోతలో పనిచేసేది ఏమిటి? మళ్ళీ పాచే! తొట్టి గోడ మీద రోగాన్ని దాచినదీ అదే జాతి నిర్మాణం, వడపోతలో రోగాన్ని అడ్డుకున్నదీ అదే.

ఇన్నేళ్ళ చదువులో నాకు బోధపడినది ఇంతే. పాచిని లేకుండా చేయడం మన చేతిలో లేదు. ఎవరి పాచి, ఎక్కడి పాచి, ఎంత వయసు పాచి అన్నదే మన చేతిలో ఉంది. ఈ తేడా తెలియక ఆర్కషాన్ తన పంటను పోగొట్టుకుంది, మన హేచరీలు మందుల పదును పోగొట్టుకున్నాయి.

*

అలాగని గోడ తోమడం మానమని కాదు. మందు చేయలేనిదానిని చేసే సాధనాలు రెండున్నాయి. ఒకటి పీచు, రెండవది ఎండ. బంకను గీకి విడగొట్టకపోతే క్లోరిన్ లోపలికి దిగదు. తడి ఆరిపోతే పొరలోని కణాలు చాలావరకు చస్తాయి. అందుకే రెండు పంటల మధ్య ట్యాంకులనూ, పైపులనూ ఖాళీ చేసి, తోమి, కొన్ని రోజులు పూర్తిగా ఎండబెట్టాలన్నది నేటి హేచరీలలో మొదటి నియమం. ఇందులో కొత్త ఏముంది? మన జాలరులు తెప్పను ఒడ్డుకు లాగి, దుంగలు విప్పి ఇసుకలో ఆరబెట్టేవారు. మా నాయనమ్మ మంచినీళ్ళ కుండను కొబ్బరిపీచుతో తోమి గోడ మీద ఎండలో బోర్లించేది. ఎందుకని అడిగితే "పాచి పడుతుంది నాయనా" అనేది. అంతకు మించి కారణం చెప్పవలసిన అవసరం ఆమెకు కలగలేదు.

అన్నయ్య ఆ పని మానలేదు. రెండుసార్లు ఉద్యోగం పోయింది, ఒకసారి అప్పులపాలయ్యాడు, అయినా తీరం వదలలేదు. ఇప్పుడు ఇద్దరు భాగస్థులతో కలిసి వనామీ సీడ్ తీసే చిన్న హేచరీ నడుపుతున్నాడు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు షెడ్డు పైకప్పు రేకులు సగం తీసి ఉన్నాయి, ఖాళీ ట్యాంకుల మీద ఎండ నిండుగా పడుతోంది. గాలిగొట్టాలన్నీ విప్పి దండెం మీద బట్టల్లా ఆరవేశాడు. ట్యాంకులోకి దిగి మూలమూలలా గోడకు వేలు రాసి, వేలిని బొటనవేలితో నలిపి చూసుకుంటున్నాడు. నేను ఇక్కడ వ్రాసినదంతా అతనికి చెప్పాను, లీవెన్‌హుక్ వెనిగరుతో సహా. శ్రద్ధగా విని, "ఈ ముక్క ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండునురా" అన్నాడు. తరువాత తూము పక్క మూలలో ఇంకా జిగురు తగులుతోందని కుర్రాడిని పిలిచి, మళ్ళీ తోమమన్నాడు.

తీరప్రాంతాల మిత్రులకు ఒక విన్నపం. పడవ అడుగున, వల తాళ్ళ మీద, చెరువు తూముల దగ్గర పట్టే రకరకాల పాచికి మీ ఊళ్ళలో వేరు వేరు పేర్లు ఉండే ఉంటాయి. తెలిస్తే దయచేసి క్రింద వ్రాయగలరు. పేరున్నదానిని కనిపెట్టుకుని ఉండడం కొంత తేలిక.